పక్కనున్న మనిషి చెప్పిన కథ

1999 జూన్ 20న అమెరికాలో టీఎన్‌టీ అనే కేబుల్ చానల్ ‘పైరేట్స్ ఆఫ్ సిలికాన్ వ్యాలీ’ అనే చిత్రాన్ని మొదటిసారి ప్రసారం చేసింది. ఆపిల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఎలా పుట్టాయో, ఆ పుట్టుకలో స్టీవ్ జాబ్స్, బిల్ గేట్స్ ఒకరికొకరు ఎలా ఎదురుపడ్డారో చెప్పే ఆ చిత్రానికి మార్టిన్ బర్క్ దర్శకుడు. జాబ్స్‌గా నోవా వైలీ, గేట్స్‌గా ఆంథనీ మైకేల్ హాల్ నటించారు. టెలివిజన్ కోసమే తీసిన చిత్రం కావడంతో మన ఊళ్ళ హాళ్ళకు అది వచ్చే అవకాశం లేదు. అయినా కోనసీమలో మా రాజోలు దాకా వచ్చింది. ఆ తరువాత సాంకేతిక సంస్థల పుట్టుక మీద ఎన్నో చిత్రాలు చూశాను; వాటిలో కొన్ని ఇంతకంటే ఖరీదైనవి, కొన్ని ఇంతకంటే నేర్పుగా తీసినవి. అయినా నా మనసులో మొదటి స్థానం దీనిదే. ఎందుకో ఇన్నేళ్ళకు వివరంగా రాయాలనిపించింది.

మా పెదనాన్న గారి అల్లుడు, అంటే నాకు బావ, వైటూకే పనుల మీద, అంటే 2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాముల్లో తేదీలు తప్పకుండా సరిచేసే పనుల మీద, న్యూజెర్సీ వెళ్ళారు. ఆయన ఆ చిత్రం టీవీలో వస్తుండగా వీడియో క్యాసెట్‌లోకి రికార్డు చేసి, ఆ ఏడాది చివర ఇంట్లో పెళ్ళికి వచ్చినప్పుడు నాకోసం పట్టుకొచ్చారు. అమెరికా క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి, మన దగ్గరి వీసీఆర్‌లు పాల్ పద్ధతివి; మామూలు వీసీఆర్‌లో పెడితే బొమ్మ సరిగా నిలబడదు. అయితే గల్ఫ్‌కు వెళ్ళి వచ్చినవాళ్ళు ఎక్కువగా ఉన్న మా ప్రాంతంలో మల్టీ సిస్టమ్ వీసీఆర్ దొరకడం కష్టమేమీ కాదు. మస్కట్‌లో పనిచేసి వచ్చిన ఎదురింటి బాబాయి గారి ఇంట్లో, వాళ్ళ సావిట్లో కూర్చుని ఆ చిత్రం చూశాం. మధ్యమధ్య వచ్చే అమెరికా వ్యాపార ప్రకటనలను బావ తీసేయలేదు; కార్లవి, మందులవి, పిజ్జాలవి ఆ ప్రకటనలను కూడా మేము చిత్రంలో భాగమన్నంత శ్రద్ధగా చూశాం. ఆ ఇంగ్లీషు మాటల వేగం సగం అర్థమయ్యేది కాదు. బావ కుర్చీ నాకు దగ్గరగా జరుపుకుని ఎవరు ఎవరో చెబుతూ, అవసరమైన చోట క్యాసెట్ ఆపుతూ చూపించారు.

అప్పటికి నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఆ రోజుల్లో కంప్యూటర్ అనే మాట ఏ అర్థంలో వినిపించేదో ఇప్పటి పిల్లలకు చెప్పడం కష్టం. హైదరాబాదులో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని ఆ ఏడాదే హైదరాబాదులో మొదలుపెట్టింది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ కోర్సుల పేర్లతో నిండిపోయాయి. ఇళ్ళలో పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: ఏ కోర్సు నేర్చుకుంటే వీసా వస్తుంది? అందులో తప్పేమీ లేదు. ఆ ప్రశ్నే ఎన్నో కుటుంబాలను అప్పుల్లోంచి బయటపడవేసింది. అయితే కంప్యూటర్ అనేది ఎక్కడో తయారై వచ్చేదని, మనం చేయవలసిందల్లా దాన్ని వాడడం నేర్చుకుని ఉద్యోగం సంపాదించడమేనని మాకందరికీ ఒక స్థిరాభిప్రాయం ఉండేది. దాన్ని ఎవరో మనుషులు, మా వయసువాళ్ళే, నిద్ర మానుకుని, చేతులు కాల్చుకుని తయారు చేశారన్న ఊహ మాలో ఎవరికీ ఉండేది కాదు. ఆ ఊహ నాకు ఆ క్యాసెట్‌తో వచ్చింది.

చిత్రంలో నన్ను మొట్టమొదట కదిలించినది ఆల్టెయిర్ ఘట్టం. 1975 జనవరి ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖచిత్రం మీద ఆల్టెయిర్ 8800 అనే పెట్టె కనిపిస్తుంది. న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీలో మిట్స్ అనే చిన్న సంస్థ దాన్ని విడిభాగాలుగా 400 డాలర్ల లోపు ధరకు అమ్మింది. దానికి కీబోర్డు లేదు, తెర లేదు. ముందు భాగంలో వరసగా స్విచ్‌లు, ఎర్రటి చిన్న దీపాలు, లోపల 256 బైట్ల జ్ఞాపకశక్తి ఉండేవి. ఆ ముఖచిత్రం చూసిన గేట్స్, అతని స్నేహితుడు పాల్ అలెన్ ఆ యంత్రానికి బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష రాసిస్తామని మిట్స్ అధిపతి ఎడ్ రాబర్ట్స్‌కు మాట ఇచ్చారు. మాట ఇచ్చే నాటికి వారు ఆల్టెయిర్‌ను కళ్ళతో చూడనైనా లేదు. హార్వర్డ్‌లోని పీడీపీ-10 కంప్యూటర్ మీద అలెన్ ముందుగా ఆల్టెయిర్ లోపలి 8080 ప్రాసెసర్‌లా నటించే ప్రోగ్రామ్ రాశాడు. దాని మీద ఇద్దరూ కలిసి బేసిక్‌ను నిర్మించారు. లెక్కల భాగం కొంత మాంటీ డేవిడాఫ్ అనే మరో విద్యార్థి రాశాడు. అలెన్ విమానంలో ఆల్బుకర్కీ వెళుతూ, ఆ బేసిక్‌ను యంత్రంలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్ రాయడం మరచిపోయామని గుర్తించి, విమానం దిగేలోపు దాన్ని కాగితం మీద రాశాడు. మరునాడు కాగితపు టేపు ఎక్కించగానే యంత్రం జ్ఞాపకశక్తి పరిమాణం ఎంత అని అడిగింది. రెండూ రెండూ కలిపితే ఎంత అని అలెన్ అడిగితే నాలుగు అని అచ్చు వేసింది.

ఇది వింటే మామూలు విషయంలాగే ఉంటుంది. కానీ నాకు ఆ క్షణాన ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే నేను పదో తరగతి సెలవుల్లో అమలాపురంలోని ఒక కంప్యూటర్ సెంటర్‌లో నేర్చుకున్న మొదటి భాష జీడబ్ల్యూ-బేసిక్. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి వెళ్ళి, ఆకుపచ్చ అక్షరాల తెర ముందు కూర్చుని, 10, 20, 30 అని వరస సంఖ్యలు వేస్తూ చిన్న చిన్న ప్రోగ్రాములు రాసేవాళ్ళం. ఆ ప్రోగ్రామ్ తెరవగానే మైక్రోసాఫ్ట్ పేరు, సంవత్సరాలు ఒక వరసలో కనిపించేవి. ఏ ఒక్కనాడూ ఆ వరస మీద నా చూపు నిలవలేదు. మా మాస్టారు అది ఎవరు రాశారో చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆల్బుకర్కీలో ఆ రోజు నాలుగు అని అచ్చు వేసిన బేసిక్ వంశమే అమలాపురంలోని ఆ ఏసీ గదిలో నా ముందు ‘ఓకే’ అని రాసి, నేను ఏం చెబుతానా అని ఎదురుచూసిందని తెలిసినప్పుడు నాకు కలిగినది గర్వం అనలేను. ఎవరో తెలియని బంధువు ఒక్కసారిగా ఎదురుపడి పేరుతో పిలిచినట్టు ఉంది.

ఆ ప్రభావం కాకినాడ తిరిగి వెళ్ళాక మరింత పెరిగింది. మూడో సంవత్సరంలో మాకు మైక్రోప్రాసెసర్ ల్యాబ్ ఉండేది. 8085 కిట్ అనేవాళ్ళం. ఒక పచ్చటి బోర్డు, కొన్ని మీటలు, ఎర్రటి అంకెలు వెలిగే చిన్న తెర. ప్రోగ్రామ్ అంతా ముందు కాగితం మీద రాసి, ఒక్కో ఆదేశానికి పట్టికలో సంకేతం వెతికి, 3ఈ అని, 76 అని ఒక్కొక్కటిగా నొక్కుతూ ఎక్కించాలి. మధ్యలో ఒక్క అంకె తప్పినా మళ్ళీ మొదటికే. చాలామందికి ఆ ల్యాబ్ అంటే విసుగు. 8085 అనేది ఆల్టెయిర్‌లోని 8080కి నేరుగా తమ్ముడని, 8080 కోసం రాసిన ఆదేశాలన్నీ దాని మీద పనిచేస్తాయని తెలిశాక నాకు మాత్రం ఆ గదిలోకి అడుగుపెట్టడమే పండుగ అయింది. 1975లో ఆ కుర్రాళ్ళు ఏ స్థాయిలో యంత్రంతో మాట్లాడారో సరిగ్గా అదే స్థాయిలో నేనూ మాట్లాడుతున్నాను. పాఠ్యపుస్తకం ఇవ్వలేని ఆసక్తిని ఒక నాటకీయ చిత్రం ఇవ్వగలదని అప్పుడే నమ్మకం కుదిరింది.

ఇక ఈ చిత్రం నాకు అన్నిటికంటే ఎక్కువగా నచ్చడానికి గల అసలు కారణం దాని కథనం. కథ జాబ్స్‌ది, గేట్స్‌ది. కానీ చెప్పేది వారు కారు. ఆపిల్ వైపు కథను జాబ్స్‌తో కలిసి ఆ సంస్థను స్థాపించిన ఇంజనీరు స్టీవ్ వోజ్నియాక్ చెబుతాడు, మైక్రోసాఫ్ట్ వైపు కథను గేట్స్ స్నేహితుడు, తరువాత ఆ సంస్థ అధిపతి అయిన స్టీవ్ బాల్మర్ చెబుతాడు. వోజ్నియాక్‌గా జోయీ స్లాట్నిక్, బాల్మర్‌గా జాన్ డిమాజియో నటించారు. ఒక్కోచోట కథ ఆగిపోయి, ఆ పాత్ర మన వైపు తిరిగి నేరుగా మాట్లాడుతుంది. నాయకుడి గురించి నాయకుడే చెప్పుకుంటే అది ఆత్మస్తుతి అవుతుంది. ఎవరో బయటివారు చెబితే తీర్పు అవుతుంది. పక్కనే నిలబడి, ప్రేమించి, దెబ్బ కూడా తిన్న మనిషి చెబితే అందులో అభిమానమూ ఉంటుంది, బాధా ఉంటుంది. రచయితగా కూడా బర్క్ చేసిన ఆ నిర్ణయమే చిత్రాన్ని నిలబెట్టింది.

వోజ్నియాక్ పాత్ర మీద నాకు ఏర్పడిన ఇష్టం ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగిందే తప్ప తగ్గలేదు. పందొమ్మిది, ఇరవై ఏళ్ళ వయసులో ఆ చిత్రం చూసిన కుర్రాడికి సహజంగా జాబ్స్ నచ్చుతాడు. ఆ నడక, ఆ చూపు, ఎదుటివాణ్ణి ఒప్పించే ఆ మాట. కానీ చిత్రం పూర్తయ్యాక బావ అన్న మాట నాకు బాగా గుర్తుంది: “జాబ్స్ లేకపోతే ఆ డబ్బా ఎవడికీ తెలిసేది కాదు నిజమే గానీ, వోజ్ లేకపోతే అసలు డబ్బానే లేదు కదరా.” ఆ మాట పట్టుకుని తరువాత వోజ్నియాక్ గురించి దొరికినదల్లా చదివాను.

1975 మార్చి 5న మెన్లో పార్క్‌లో ఒక గ్యారేజీలో కంప్యూటర్ ఔత్సాహికుల సంఘమైన హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదటి సమావేశం జరిగింది. వోజ్నియాక్ దానికి వెళ్ళి, ఇంటికి తిరిగి వచ్చిన రాత్రే తన సొంత కంప్యూటర్ ఎలా ఉండాలో గీసుకున్నాడు. ఆ ఏడాది జూన్ చివరకు అతను కీబోర్డు మీద నొక్కిన అక్షరం ఎదుట ఉన్న తెర మీద కనిపించింది. ఆ నమూనా చిత్రాలను అతను క్లబ్బులో ఉచితంగా పంచిపెట్టాడు. తాను ఉద్యోగం చేస్తున్న హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థకే ముందుగా చూపించాడు; వారు వద్దన్నారు. చిత్రంలో ఆ సన్నివేశం ఉంది. మామూలు మనుషులకు కంప్యూటర్‌తో పనేమిటి అన్న ప్రశ్న ఎదురైనప్పుడు స్లాట్నిక్ ముఖంలో కోపం రాదు. ఇంత మంచి వస్తువును వీళ్ళు ఎందుకు వద్దంటున్నారో అర్థం కాని అమాయకత్వం మాత్రమే కనిపిస్తుంది. నేను ఉద్యోగంలో చేరాక మంచి ఇంజనీర్ల ముఖాల్లో ఆ చూపును మళ్ళీ మళ్ళీ చూశాను.

1976 ఏప్రిల్ 1న ఆపిల్ ఏర్పడింది. జాబ్స్ తన ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌ను, వోజ్నియాక్ తన హెచ్‌పీ-65 క్యాలిక్యులేటర్‌ను అమ్మి పెట్టుబడి సమకూర్చుకున్నారు. బైట్ షాప్ అనే దుకాణం నుంచి ఒక్కొక్కటి 500 డాలర్ల చొప్పున ఆపిల్-1 అనే వారి తొలి కంప్యూటర్ బోర్డులు 50కి ఆర్డరు వచ్చింది. దుకాణంలో ఆపిల్-1 ధర 666.66 డాలర్లు. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన వెస్ట్ కోస్ట్ కంప్యూటర్ ఫెయిర్‌లో ఆపిల్-2ను చూపించారు. ఆ యంత్రంలో అదనపు కార్డులు పెట్టుకోవడానికి ఎనిమిది గడులు ఉండాలని వోజ్నియాక్, రెండు చాలని జాబ్స్ వాదించుకున్నారు. ఆ వాదనలో వోజ్నియాక్ గెలిచాడు. ఆ గడుల వల్లనే ఎవరెవరో తయారుచేసిన కార్డులు దానిలో అమరి, ఆ యంత్రం ఏళ్ళ తరబడి బతికింది. 1980 డిసెంబరులో ఆపిల్ వాటాలు మార్కెట్‌లోకి వచ్చేముందు, తొలినాటి నుంచి పనిచేసి వాటాలు దక్కని తోటివారికి వోజ్నియాక్ తన వాటాల్లోంచి పంచి ఇచ్చాడు. తరువాత కాలంలో వేరే పేరుతో బర్కిలీ విశ్వవిద్యాలయంలో చేరి ఆపిన చదువు పూర్తిచేశాడు, చిన్నపిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పాడు. ఇటువంటి మనిషి చేత కథ చెప్పించడమంటే, ఆ కథకు ఒక నైతిక కొలబద్దను ఇచ్చినట్టే.

చిత్రం జాబ్స్‌ను దేవుణ్ణి చేయలేదు. ఉద్యోగం కోసం వచ్చినవాణ్ణి చెప్పులు లేని కాళ్ళు బల్ల మీద పెట్టుకుని అవమానించడం, రాత్రింబవళ్ళు పనిచేసినవాళ్ళ మీద విరుచుకుపడడం, తనకు పుట్టిన ఆడబిడ్డను తన బిడ్డ కాదని చాలాకాలం నిరాకరించడం, తరువాత ఆ బిడ్డ పేరే ఆపిల్ తయారుచేసిన లిసా కంప్యూటర్‌కు పెట్టడం అన్నీ చూపించింది. అప్పటికి జాబ్స్ జీవించి ఉన్నాడు, ఆపిల్‌కు తిరిగి వచ్చి పగ్గాలు పట్టాడు. ఇంత నిష్ఠురమైన చిత్రణ చూసి అతను కోర్టుకు వెళ్ళినా ఆశ్చర్యం ఉండేది కాదు. అతను చేసినది వేరు. 1999 జులైలో న్యూయార్క్‌లో జరిగిన, ఆపిల్ కంప్యూటర్ల వాడకందారుల సభ అయిన మాక్‌వరల్డ్‌కు నోవా వైలీని ఆహ్వానించాడు. వైలీ నల్ల చొక్కా, జీన్స్ వేసుకుని జాబ్స్‌లాగే వేదిక మీదికి వచ్చి మాట్లాడడం మొదలుపెట్టాడు. సభ కొంతసేపు అతనే జాబ్స్ అనుకుంది. అప్పుడు అసలు జాబ్స్ వచ్చి, నన్ను అలా కాదు ఇలా అనుకరించాలని సరిదిద్దాడు. ఆ సంగతి చాలాకాలం తరువాత చదివినప్పుడు, బాధించిన చిత్రాన్ని కూడా తన వేదికలోకి తెచ్చుకోగల ఆ మనిషి ధైర్యానికి నమస్కరించాలనిపించింది.

గేట్స్ వైపు కథలో, అప్పటి అతిపెద్ద కంప్యూటర్ సంస్థ ఐబీఎం వచ్చే ఘట్టం అందరికీ తెలిసినదే కనుక దాని మీద ఎక్కువ చెప్పను. తమ దగ్గర లేని ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇస్తామని ఐబీఎంకు ఒప్పుకుని, దాన్ని సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న సంస్థ నుంచి సంపాదించి, ఇతరులకు కూడా అమ్ముకునే హక్కును మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. మైక్రోసాఫ్ట్ సంపద అంతా ఆ ఒక్క హక్కులో ఉంది. బాల్మర్ పాత్ర మన వైపు తిరిగి ఆ క్షణం గొప్పతనాన్ని వివరించే తీరు బాగుంటుంది. నాకు ఎక్కువ ఆలోచన కలిగించినది జిరాక్స్ ఘట్టం.

పాలో ఆల్టోలోని జిరాక్స్ పరిశోధన కేంద్రం 1973 నాటికే ఆల్టో అనే కంప్యూటర్‌ను తయారుచేసింది. దానికి మౌస్ ఉంది, తెర మీద కిటికీలు ఉన్నాయి, బొమ్మలు ఉన్నాయి. 1979 డిసెంబరులో జాబ్స్ తన బృందంతో వెళ్ళి దాన్ని చూశాడు. చిత్రం చూసిన రోజున నాకు అది దొంగతనంగానే కనిపించింది. చిత్రం పేరే సముద్రపు దొంగలు కదా. తరువాత చదివితే తెలిసింది, ఆ ప్రదర్శన ఊరికే జరగలేదని. మార్కెట్‌లోకి రాకముందే లక్ష ఆపిల్ వాటాలను పది లక్షల డాలర్లకు కొనుక్కునే అవకాశం జిరాక్స్‌కు దక్కిందని. అక్కడ పనిచేస్తున్న అడెల్ గోల్డ్‌బర్గ్ మాత్రం అంతా చూపించడానికి గట్టిగా అభ్యంతరం చెప్పింది; పైనుంచి ఆదేశం వచ్చాకే ఒప్పుకుంది. సంస్థ చేతిలో ఏముందో సంస్థ అధికారులకంటే ఆమెకు బాగా తెలుసు. ఆమె కోణం నుంచి చూస్తే ఈ కథ మొత్తం మరోలా ఉంటుంది, ఆ కోణానికి ఒక పూర్తి చిత్రం రావలసింది.

చివరికి విండోస్ వస్తున్నదని తెలిసి జాబ్స్ గేట్స్‌ను నిలదీస్తాడు. మనిద్దరికీ జిరాక్స్ అనే ధనవంతుడైన పొరుగువాడున్నాడు, వాడింట్లోకి నువ్వు దొంగతనానికి వెళ్ళేసరికి నేను ముందే వచ్చి ఉన్నానని నీ కోపం అని గేట్స్ జవాబిస్తాడు. మా సరుకు మీ సరుకుకంటే మంచిది అని జాబ్స్ అంటే, నీకు అర్థం కావడం లేదు, అది ముఖ్యం కాదు అని గేట్స్ అంటాడు. ఆ చివరి మాట దగ్గర బావ క్యాసెట్ ఆపి, రెండోసారి వేసి చూపించారు. వైటూకే పనుల్లో కోబాల్ అనే పాత భాషలో రాసిన ఏళ్ళనాటి ప్రోగ్రాములను సవరిస్తూ బతుకుతున్న మనిషికి ఆ మాటలోని నిజం నాకంటే ఎంతో ముందు అర్థమైంది.

ఈ చిత్రంలో చూపించినవన్నీ అలాగే జరిగాయా అన్న సందేహం అందరికీ వస్తుంది. దీనికి మూలం పాల్ ఫ్రైబర్గర్, మైకేల్ స్వేన్ రాసిన చరిత్ర గ్రంథం. కనుక పునాది గట్టిదే. వోజ్నియాక్ స్వయంగా ఈ చిత్రాన్ని మెచ్చుకుని, మనుషుల స్వభావాలు సరిగ్గా వచ్చాయని, సంఘటనలు జరిగినవే అయినా కొన్ని వేరే మనుషుల మధ్య, వేరే తేదీల్లో, వేరే చోట్ల జరిగాయని చెప్పాడు. ఉదాహరణకు పొగలు కక్కి కాలిపోయే తొలి యంత్రం సంగతి. అది నిజానికి 1971 నాటిది; ఆ యంత్రం తయారీలో వోజ్నియాక్‌కు తోడున్నది జాబ్స్ కాదు, బిల్ ఫెర్నాండెజ్. చరిత్ర విద్యార్థికి ఇది లోపమే. నాకు మాత్రం వోజ్నియాక్ చెప్పిన ఆ తేడాయే నాటకానికి, అబద్ధానికి మధ్య గీత ఎక్కడ ఉందో చూపించింది. తేదీ మార్చినా మనిషి స్వభావాన్ని మార్చని కల్పనను నేను క్షమించగలను. తరువాత వచ్చిన కొన్ని జీవిత చిత్రాల్లో తేదీలన్నీ సరిగ్గా ఉండి మనుషులు మాత్రం పోస్టర్ల మీది బొమ్మల్లా మిగిలిపోయారు.

చిత్రం 1997 ఆగస్టు నాటి బోస్టన్ సభతో ముగుస్తుంది. ఆపిల్ ఇబ్బందుల్లో ఉండగా మైక్రోసాఫ్ట్ 15 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడుతున్నదని జాబ్స్ ప్రకటించాడు. అతని వెనుక పెద్ద తెర మీద గేట్స్ ముఖం, దాని ముందు చిన్నగా జాబ్స్. సభలో నుంచి నిరసన కేకలు. ఇంతటితో కథ అయిపోయింది, గేట్స్ గెలిచాడు అనే భావనతో మేము ఆ రోజు సావిట్లోంచి లేచాం. చిత్రం తీసినవారు కూడా అలాగే అనుకుని ఉంటారు. 1999లో మరోలా అనుకోవడానికి ఆధారం లేదు. 2010 మేలో ఆపిల్ మార్కెట్ విలువ మైక్రోసాఫ్ట్‌ను దాటిపోయింది. 2014 ఫిబ్రవరిలో హైదరాబాదులో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల గారు మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు; బాల్మర్ ఖాళీ చేసిన కుర్చీ అది. ఆ వార్త వచ్చిన రోజు బావకు ఫోన్ చేస్తే, నేను అడగకముందే ఆయన ఆ క్యాసెట్ సంగతి ఎత్తారు. కథ నడుమ తీసిన చిత్రం కావడమే దీనికి వన్నె తెచ్చిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఎవరు మహాపురుషులో ముందే తేల్చుకుని తీసిన చిత్రాల్లో ఉండే పూజాభావం దీనిలో లేదు.

ఆ బోస్టన్ సభ తరువాతి చరిత్రలో చిత్రానికి అందని సంగతుల్లో నాకు ఎంతో ఇష్టమైనది ఎడ్ రాబర్ట్స్‌ది. ఆల్టెయిర్ తయారుచేసిన ఆయన 1977లో మిట్స్‌ను అమ్మేసి, జార్జియా రాష్ట్రానికి వెళ్ళి వ్యవసాయం చేసి, నడివయసులో వైద్యం చదివి, కాక్రన్ అనే చిన్న పట్టణంలో డాక్టరుగా స్థిరపడ్డారు. 2010లో ఆయన ఆస్పత్రిలో చివరి రోజుల్లో ఉన్నప్పుడు గేట్స్ వెళ్ళి చూసి వచ్చాడు. కంప్యూటర్ పరిశ్రమకు తొలి మెట్టు వేసిన మనిషి పల్లెటూరి రోగుల నాడి చూస్తూ జీవితం గడపడం పరాజయమని నేను ఏనాడూ అనుకోలేదు.

ఈ చిత్రం గురించి తలచుకున్నప్పుడల్లా మన దగ్గర ఇటువంటిది ఎందుకు రాలేదన్న ఆలోచన వస్తుంది. కథ లేక కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు బనారస్‌లో, తరువాత స్టాన్‌ఫోర్డ్‌లో చదువుకుని, అణు శాస్త్రవేత్త హోమీ భాభా గారి దగ్గర చేరి, ముంబయి ట్రాంబేలోని అణుశక్తి కేంద్రంలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పెంచారు. 1966 జనవరిలో భాభా గారు విమాన ప్రమాదంలో పోయారు. మరుసటి ఏడాది, 1967లో, హైదరాబాదులో ప్రభుత్వరంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది. రావు గారు దాన్ని నిలబెట్టారు. మన దేశపు తొలితరం కంప్యూటర్లలో ఒకటైన టీడీసీ-12 ఆ సంస్థ పేరుతోనే వెలువడింది. కుషాయిగూడ దగ్గర బస్సు దిగేవారంతా ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ అంటారు, ఏఎస్ రావు నగర్ అంటారు. ఆ పేరు వెనుక మనిషి ఎవరో అడిగితే చెప్పగలిగేవారు తగ్గిపోతున్నారు. మా ఇంట్లోకి వచ్చిన మొదటి టీవీ కూడా ఆ సంస్థ చేసిన ఈసీ టీవీయే, చెక్క తలుపులు పక్కకు జరిపే నలుపు తెలుపు టీవీ.

ఆ చిత్రం వస్తే అందులో కూడా కథ చెప్పేది రావు గారు కాకూడదని నా కోరిక. ట్రాంబే నుంచి సామాను సర్దుకుని కుటుంబంతో హైదరాబాదు వచ్చేసిన ఒక టెక్నీషియన్ చెప్పాలి. దిగుమతికి లైసెన్సు దొరకని విడిభాగాన్ని తామే ఎలా చేసుకున్నారో, ఏ రాత్రి ఏ బోర్డు కాలిపోయిందో, ఏ విషయంలో తాను రావు గారితో విభేదించి తరువాత రాజీపడ్డాడో, ఎక్కడ రాజీపడలేదో ఆయన నోటితో వినాలి. ఆ తరం వారిలో ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు; వారి ఇళ్ళకు వెళ్ళి కూర్చుని అడిగి రాసుకునే దర్శకుడెవరైనా ఇది చదువుతుంటే, ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టమని చేతులు జోడించి అడుగుతున్నాను.